కుడివైపు ఖాళీ

లోటార్ ఆ కారు మీద మనసు పడింది పందొమ్మిదో ఏట, కొన్నది అరవై ఏడో ఏట. మధ్య కాలమంతా ఇళ్ళ కప్పుల మీదే గడిచిపోయింది. ఐఫెల్ కొండల్లో ఇళ్ళకు నల్ల పలకరాయి కప్పులు వేయడం అతని వృత్తి, అంతకుముందు అతని తండ్రి వృత్తి. కప్పు మీద మోకాళ్ళేసుకుని మేకులు కొడుతుంటే, కింద రోడ్డు మీద రేసు రింగుకు, అంటే కారు పందేల బాటకు, పోయే కార్లు వరసగా వెళ్ళేవి. వాటిలో స్టుట్‌గార్ట్‌లో తయారైన కారు ఒకటుండేది. ఇంజను వెనక ఉంటుంది, ఒళ్ళు గుండ్రంగా ఉంటుంది. అది కనబడితే చాలు, లోటార్ నోట్లో మేకులు నోట్లోనే పెట్టుకుని అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. పలక వంకర పెట్టినందుకు తండ్రి పైనుంచి తిట్టేవాడు.

ఆ రోజుల్లో అతనికి చూపుంది, మోకాళ్ళున్నాయి, జేబులో మాత్రం సిగరెట్లకు సరిపడా చిల్లరే ఉండేది. తరవాత పెళ్ళి, కూతురు, తండ్రి చేతిలో పెట్టిపోయిన కంపెనీ, పనివాళ్ళ జీతాలు. కారు వచ్చే ఏటికి, ఆ పై ఏటికి జరుగుతూ పోయింది. కంపెనీ వేరేవాళ్ళకు అప్పగించిన ఏడాదికి గాని ముదురాకుపచ్చ కారు ఇంటి ముందు నిలబడలేదు.

ఇలాంటి కార్ల ప్రకటనల్లో ఎప్పుడూ ఒత్తు జుట్టు కుర్రాడే నడుపుతుంటాడు. కొనేవాళ్ళ తలలు చూడాలంటే ఆదివారం పొద్దున మా ఊరి చివర సత్రం ముందుకు రావాలి. రకరకాల కార్లు, రంగులు కళ్ళు చెదిరేలా ఉంటాయి. తలుపు తెరుచుకుంటుంది, ముందు ఒక కాలు వస్తుంది, తరవాత ఒక మూలుగు వస్తుంది, రెండో కాలు రావడానికి ఇంకొంచెం వ్యవధి పడుతుంది. చివరికి మనిషి నిలబడ్డాక నడుం పట్టుకుని, ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తాడు. రింగుకు పోతూ ఆగిన కుర్రకారు ఈ వేడుక కోసమే గోడ మీద కూర్చునేవాళ్ళు.

"తాతా, క్రేను పిలవమంటావా?" అనేవాడొకడు.

"పిలవరా. వచ్చేటప్పుడు మీ అమ్మమ్మను కూడా తీసుకురా, ఒక రౌండు తిప్పుతాను" అనేవాడు లోటార్.

అందరూ నవ్వేవాళ్ళు. లోటార్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. అతను కారు బాగా నడిపేవాడు. కారు కొన్న తరవాత ఎనిమిదేళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదు. అతని భార్య మార్లీస్ మాత్రం ఆ కారులో కాలు పెట్టలేదు. "దాంట్లోకి ఎక్కడం కాదు, పడడం. లేవడానికి నాకింకో జన్మ కావాలి" అనేది. ఆదివారం అతను వెళ్ళి వచ్చేదాకా వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతూ ఇంజను చప్పుడు కోసం చెవి ఒగ్గేది. అది కొండ ఎక్కుతున్న చప్పుడు వినబడ్డాకే పొయ్యి వెలిగించేది.

పోయిన చలికాలం లోటార్ చూపులో నడిమధ్య ఒక మచ్చ పడింది. అంచులన్నీ కనబడతాయి. కిటికీ చట్రం కనబడుతుంది, గోడ మీద గడియారం చుట్టూ ఉన్న చెక్క కనబడుతుంది, గడియారంలో ముల్లు కనబడదు. మనిషి భుజాలు కనబడతాయి, ముఖం ఉండాల్సిన చోట బూడిద అలికినట్టు ఉంటుంది. కంటి డాక్టరు కంట్లోకి మందు సూదులు పొడిచాడు. నాలుగోసారి పొడిచాక చేతులు కడుక్కుంటూ, ఇది వయసుతో వచ్చేది, ఇంతకంటే దిగజారకుండా చూడగలం గాని వెనక్కి తేలేము అన్నాడు. "ఇకమీదట స్టీరింగు ముట్టుకోకండి" అని కూడా అన్నాడు. మార్లీస్ ఆ గదిలోనే ఉంది. అతని కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని అంతా వింది.

ఈ దేశంలో లైసెన్సు ఒకసారి చేతికొచ్చిందంటే చచ్చేదాకా చెల్లుతుంది. ముసలివాళ్ళను కూర్చోబెట్టి కళ్ళు చూసే అధికారి ఎవరూ లేడు. డాక్టరు రోగికి చెప్పగలడు గాని బయట నోరు విప్పకూడదు. లోటార్ కూతురికి చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు, మార్లీస్‌ను చెప్పొద్దన్నాడు. కాబట్టి ఆ కారుకూ, రోడ్డు మీద పోయే జనానికీ మధ్య మిగిలింది మార్లీస్ ఒక్కతే.

"అమ్మేద్దాం లోటార్. ఎనిమిదేళ్ళు అనుభవించావు, చాలదా?" అంది ఆమె.

"హాయోను చూశావా?" అన్నాడు అతను.

హాయో అతని చిన్ననాటి స్నేహితుడు. గుండెకు ఆపరేషన్ అయ్యాక కూతుళ్ళు పోరుపెట్టి అతని ఎర్రకారు అమ్మించారు. ఎవరో పళ్ళ డాక్టరు కొనుక్కుపోయాడు. ఇప్పుడు హాయో ఆదివారాలు బస్సులో సత్రానికి వచ్చి, బల్ల చివర కూర్చుని, టైర్ల గురించి మాట్లాడేవాళ్ళ నోళ్ళకేసి చూస్తుంటాడు. "కారు అమ్మేసిన్నాటి నుంచి నన్నెవరూ ఏమీ అడగటం లేదు లోటార్" అన్నాడు ఒకసారి. "ఎలా ఉంది ఆరోగ్యం అంటారు. అంతే. అంతకుమించి నాతో మాటల్లేవు."

ఆ చలికాలమంతా కారు గరాజులో గుడ్డ కప్పుకుని పడుకుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా చెల్లే నంబరు దానిది, ఇలాంటి కార్లన్నిటికీ ఉన్నట్టే. చలి ఉన్నంతకాలం బయటికి తీయడానికి లేదు గనక మార్లీస్ ఆ నెలలన్నీ గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. లోటార్ మాత్రం మాట తగ్గించాడు. తిండి తగ్గించాడు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, తనకు కనబడదని తెలిసిన కొండకేసి చూస్తూ కూర్చునేవాడు. ఏమైనా అడిగితే "ఊఁ" అనేవాడు.

మార్చి నెలాఖరులో ఒక పొద్దున ఆమె బేకరీకి వెళ్ళి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. గరాజులోంచి ఇంజను చప్పుడు వస్తోంది. గరాజు తలుపు మూసి ఉంది.

రొట్టెల సంచి ఎక్కడ పడేసిందో ఆమెకు గుర్తులేదు. తలుపు పైకెత్తింది. పొగ ముఖానికి కొట్టింది. లోటార్ సీటులో కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె అతని భుజం మీదుగా వంగి తాళం తిప్పింది.

"తలుపు తీయడం మర్చిపోయాను" అన్నాడు అతను దగ్గుతూ.

"మర్చిపోయావా?"

"ఆఁ."

మార్లీస్ రెండోసారి అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం. ఇంట్లోకి తీసుకొచ్చి, కిటికీలన్నీ తెరిచి, కాఫీ పెట్టింది. అతను కప్పుకోసం చెయ్యి చాచి కప్పు పక్కన తడుముతున్నాడు. యాభై ఏళ్ళు ఇళ్ళ కప్పుల మీద జారకుండా నిలబడిన మనిషి, బల్ల మీద కాఫీ కప్పు అందుకోలేకపోతున్నాడు. ఆ క్షణంలో ఆమె రోడ్డు మీది జనాన్నంతా మరిచిపోయింది. ఇది నేను సమర్థించడం లేదు, జరిగింది చెబుతున్నాను.

"ఏప్రిల్ వస్తోంది కదా. నేను పక్కన కూర్చుంటాను. నేను చెబుతుంటాను, నువ్వు నడుపు" అంది.

లోటార్ తల తిప్పాడు. ఆమె ముఖం అతనికి కనబడదని ఆమెకు తెలుసు.

"నువ్వా? దాంట్లోనా? నీకు లేవడానికి ఇంకో జన్మ కావాలన్నావుగా."

"లేవకపోతే అందులోనే పడుంటాలే, ముసలాడా."

చలికాలమంతా కలిపి అతను నవ్వింది అదే.

మొదటి ఆదివారాలు తెల్లవారీ తెల్లవారకముందే, రోడ్లు నిద్రలో ఉన్నప్పుడే వెళ్ళారు. అడవి దారిలో కొండ ఎక్కి, అవతలి పక్క గుండ్రటి చెరువు దాకా వెళ్ళి, అక్కడ కేకు తిని, కాఫీ తాగి తిరిగిరావడం. ఆ దారిలో ప్రతి ఊళ్ళోనూ లోటార్ వేసిన కప్పులున్నాయి. ప్రతి మలుపూ అతని ఒంట్లో ఉంది. రోడ్డు అంచులు అతనికి కనబడతాయి, మధ్యలో ఏమొస్తోందో ఆమె చెబుతుంది. "ఎడమ మలుపు. ట్రాక్టరు ఉంది, తగ్గించు. జింక! కాదు, చెట్టు మొద్దు, పోనీ." మొదట్లో ప్రతి మాటా అరిచేది. పోను పోను గొంతు కుదురుకుంది. ఆమె చూస్తోంది, అతను నడుపుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చెప్పిన ప్రతి మాటా అతను ఇంత శ్రద్ధగా విన్నది ఎప్పుడూ లేదు.

కూడళ్ళ దగ్గరే భయం. ఇక్కడి దంపతులందరికీ ఒక అలవాటుంది. ఇక్కడి కార్లలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది గనక, కూడలిలో ఆగినప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళు కుడివైపు తొంగిచూసి "ఫ్రయ్" అంటారు. ఖాళీ, పోవచ్చు అని. భార్యలు అంటారు, మామగార్లు అంటారు, అడక్కపోయినా అంటారు. అయితే ఇక్కడి భాషలో మూడును "ద్రయ్" అంటారు. ఇంజను మోతలో రెండూ ఒకటే. మూడు బళ్ళొస్తున్నాయని పెళ్ళాం అంటే, ఖాళీ అనుకుని మొగుడు పోనిచ్చిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. పెళ్ళి విందుల్లో నవ్వుతూ చెప్పుకుంటారు. లోటార్‌కు చెవులు కూడా అంతంతమాత్రం. చెవిలో యంత్రం పెట్టుకుంటే ఇంజను చప్పుడు రేకుడబ్బాలా వినబడుతుందని కారులో తీసేసేవాడు.

అందుకని మొదటిరోజే మార్లీస్ కట్టడి చేసింది. "ఖాళీ ఉంటే ఫ్రయ్ అంటాను. లేకపోతే ఆగు అంటాను. ఇవి తప్ప నా నోట్లోంచి వేరే మాట రాదు."

"బళ్ళెన్నో లెక్క చెప్పవన్నమాట."

"నీకు లెక్కెందుకు? ఆగమంటే ఆగు."

"కప్పు మీద నా పనివాళ్ళతో కూడా నేనిలా మాట్లాడలేదే, ముసల్దానా" అని లోటార్ నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం కోపం ఉందని ఆమెకు తెలిసింది. తెలిసీ పట్టించుకోలేదు.

వేసవి వచ్చేసరికి మార్లీస్‌కు ఆ కారు ఇష్టమైపోయింది. ఒప్పుకోవడానికి సిగ్గుపడింది గాని, మలుపు దాటాక అతను గట్టిగా తొక్కినప్పుడు వీపు సీటుకు అతుక్కుపోయి, కడుపులోంచి ఒక నవ్వు తన్నుకొచ్చేది. డెబ్బై మూడేళ్ళ మనిషికి ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. లోటార్ మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. సత్రం ముందు కుర్రాళ్ళతో మళ్ళీ పరాచికాలాడాడు. "ఏంటి తాతా, ఈ మధ్య అమ్మమ్మను కూడా తిప్పుతున్నావు?" అంటే, "లైసెన్సు ఆవిడ దగ్గరుందిరా" అనేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

వచ్చింది సిల్కెకు. కోబ్లెంజ్‌లో నర్సుగా చేస్తున్న కూతురు. ఆగస్టులో తండ్రి పుట్టినరోజుకు వచ్చినప్పుడు ఆయన ప్లమ్ కేకు ముక్కను పళ్ళెం అంచు మీద పెట్టుకోవడం చూసింది. గిన్నెలు కడిగేటప్పుడు తల్లిని పట్టుకుంది.

"అమ్మా, నాన్న కళ్ళు ఎలా ఉన్నాయి?"

"డెబ్బై అయిదేళ్ళ వాడి కళ్ళు ఎలా ఉంటాయి?"

"నిజం చెప్పు. ఆ కారు ఎవరు నడుపుతున్నారు?"

"మీ నాన్నే. నేను పక్కనే ఉంటాను కదా."

"నువ్వు పక్కనుంటే ఏమవుతుంది? నీ కాలి కింద బ్రేకుందా?"

మార్లీస్ పళ్ళెం తుడిచి అలమారలో పెట్టింది. ఆమె దగ్గరున్న జవాబు గరాజు తలుపు ఒక్కటే. అది కూతురికి చెప్పలేకపోయింది. చెప్పి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం బాగా ఎండ కాసింది. ఇలాంటి రోజున మోటారుసైకిళ్ళు చీమల బారుల్లా రింగు వైపు పోతాయని మార్లీస్‌కు తెలుసు. ఇవాళ వద్దందామనుకుంది. అప్పటికే అతను చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు.

చెరువు దగ్గర కేకు తిని తిరిగి వస్తున్నారు. అడవి దారి పెద్ద రోడ్డును దాటి అవతలికి పోయే చోట ఆగారు. మార్లీస్ ముందుకు వంగి ఎడమవైపు చూసింది. "ఎడమ ఫ్రయ్" అంది. కుడివైపు చూసింది. చెట్ల చాటునుంచి మోటారుసైకిళ్ళు వస్తున్నాయి. రెండు దగ్గరగా, ఒకటి బాగా వెనగ్గా, మూడింటికీ దీపాలు వెలుగుతున్నాయి. అంత వేగంతో అవి బారుగా కనబడేసరికి, చూసింది చూసినట్టే నోట్లోంచి వచ్చేసింది.

"కుడి ద్రయ్!"

ఆగు అనలేదు. అనాల్సింది అదొక్కటే, అది అనలేదు.

లోటార్ కదల్లేదు. రెండు మోటారుసైకిళ్ళు ముందునుంచి ఉరుముకుంటూ పోయాయి. ఆమె ఊపిరి వదిలింది. అతను ఆగాడు కదా, విన్నాడు కదా అనుకుంది. అప్పుడు కారు ముందుకు దూకింది. "లోటార్!" అని ఆమె అరిచిన అరుపు సగంలో ఉండగానే, ఆమె మోకాళ్ళ ముందు రేకు లోపలికి వచ్చేసింది.

ముందుకు పోయిన ఇద్దరూ వెనక్కి తిరిగివచ్చి బళ్ళు రోడ్డు మీదే పడేసి పరుగెత్తారు. గడ్డిలో ఎవరో పడి ఉన్నారు. ఒక చెయ్యి తొడుగు రోడ్డు మధ్యలో ఉంది.

"ఏమైంది? మార్లీ, ఏం తగిలింది?" అంటున్నాడు లోటార్. "మార్లీ, నాకేం కనబడటం లేదు."

గడ్డిలో పడిన ఆమె పేరు కొర్నేలియా. కొలోన్‌లో స్కూలు టీచరు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, యాభై దాటిన వయసులో మోటారుసైకిలు నేర్చుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు నేర్చుకోలేదా అని అందరితో అనేదట. కొత్త చెయ్యి గనక మిగతా ఇద్దరికీ ఎప్పుడూ వెనకే వచ్చేది. ఆ వారం దాటకుండానే ఆసుపత్రిలో పోయింది.

మార్లీస్‌కు కాలర్ ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. లోటార్‌కు గీత పడలేదు.

పోలీసు అధికారి తేలెన్ ఆసుపత్రికే వచ్చింది. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనిషి, ఆమె మేనత్త ఇంటి కప్పు లోటార్ వేసిందే. మంచం పక్కన కుర్చీ లాక్కుని మెల్లగా అడిగింది.

"మీరు పక్క సీటులో ఉన్నారు. ఆయనకేమైనా చెప్పారా అమ్మా?"

"ద్రయ్ అన్నాను. మూడు వస్తున్నాయని."

తేలెన్ రాసుకోవడం ఆపింది.

"మీరు ఫ్రయ్ అన్నారని మీ ఆయన చెబుతున్నారు."

మార్లీస్ కళ్ళు మూసుకుంది.

"డ్రైవింగు స్కూల్లో మాకు మొదటిరోజే చెబుతారండీ, ఆ మాట అనకూడదని" అంది తేలెన్ జాలిగా. "ఆయనకు చూపు బాగానే ఉందా?"

"కళ్ళద్దాలున్నాయి" అంది మార్లీస్. "నేను సరిగ్గా పలకలేదేమో. తొందరలో అన్నాను."

అలా ఆ సంగతి తేలిపోయింది. ఊరంతా ఒకే మాట అనుకుంది. ఒక్క అక్షరం, పాపం. ఒక్క అక్షరం పొరపాటుకు నిండు ప్రాణం. బేకరీలో మార్లీస్ లోపలికి వస్తే మాటలు ఆగిపోయేవి. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. సిల్కె ఫోనులో ఏడ్చింది. "ఆగు అని ఎందుకనలేదమ్మా? ఆగు అని ఒక్క మాట!" అంది. ఆ మాట మార్లీస్ అప్పటికే వెయ్యిసార్లు తనను తాను అడుక్కుంది.

లోటార్ మాత్రం ఆమెను ఒక్క మాటా అనలేదు. పైగా నలుగురిలో వెనకేసుకొచ్చాడు. పరామర్శకు వచ్చిన హాయో ముందు ఆమె చెయ్యి పట్టుకుని నిమిరాడు.

"ఆవిడ తప్పు కాదురా. ఎవరికైనా నోరు జారుతుంది. నేనేం మనసులో పెట్టుకోలేదు."

"నువ్వు గొప్పవాడివిరా లోటార్" అన్నాడు హాయో. కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "పళ్ళ డాక్టరు నా ఎర్రకారు అమ్మేస్తాడట. వాడి నడుం పోయిందట. నీకేమన్నా..."

లోటార్ ముఖం ఒక్క క్షణం వెలగడం మార్లీస్ చూసింది. అతను ఎవరి ముఖాలూ చూడలేడు గనక తన ముఖం దాచుకోవాలన్న ధ్యాస కూడా అతనికి ఉండేది కాదు.

ఆ వెలుగు ఆమెకు రోతపుట్టించింది. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. తప్పు చేసినదాన్ని, క్షమించినవాడిని ఏమనడానికి నాకేం హక్కుంది అనుకుంది.

నవంబరు వచ్చింది. ఎముక అతుక్కుంది గాని మార్లీస్‌కు నిద్ర అతుక్కోలేదు. ఒక పొద్దున గుడ్లు ఉడకబెట్టి బల్ల మీద పెట్టి, నల్ల కోటు వేసుకుని వచ్చి నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు లోటార్.

"కొలోన్‌కు. ఆమె భర్త చిరునామా సంపాదించాను. వెళ్ళి నేనే అన్నానని చెబుతాను. నా నోటి వల్లే పోయిందని చెప్పి, ఆయన ఏమంటే అది పడతాను."

"వద్దు."

"పిల్లలుంటారేమో. వాళ్ళు కూడా ఉంటే నయం. ముఖాన ఉమ్మినా సరే. ఇలా బతకలేను లోటార్."

"వద్దన్నాను కదా!"

"నువ్వు రావద్దులే. నీ తప్పేముంది? నేను ద్రయ్ అన్నాను, నీకు ఫ్రయ్ అని వినబడింది. నీ చెవుల సంగతి తెలిసీ నేను..."

"వినబడింది" అన్నాడు లోటార్.

"అదే కదా నేనంటున్నది."

"ద్రయ్ అనే వినబడింది."

మార్లీస్ కోటు గుండీ పెడుతున్న చెయ్యి ఆగిపోయింది.

లోటార్ గుడ్డు కేసి తల వంచుకుని ఉన్నాడు. అది అతనికి కనబడుతోందో లేదో. "మూడు అన్నావు. విన్నాను. ఆగాను. లెక్కపెట్టాను. ఒకటి పోయింది, రెండోది పోయింది. రెండూ అంచులో కనబడ్డాయి నాకు, నిజంగా కనబడ్డాయి. మూడోది కూడా వాటితోనే పోయిందనుకున్నాను. చూస్తే రోడ్డంతా ఖాళీగా ఉంది."

"నన్నడగొచ్చుగా? ఒక్క మాట, పోవచ్చా అని?"

"ఎంతకాలం అడగను?" అన్నాడు అతను. "ఏప్రిల్ నుంచీ అడుగుతూనే ఉన్నాను. తగ్గించమంటే తగ్గించాను, ఆగమంటే ఆగాను. ఆ కారు నాది మార్లీ. యాభై ఏళ్ళు దానికోసం మేకులు కొట్టాను. ఒక్క కూడలి, ఒక్కటంటే ఒక్కటి, నా కళ్ళతో నేను దాటాలనుకున్నాను."

మార్లీస్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. నా చెయ్యి నిమిరాడు అనుకుంది. హాయో ముందు, సిల్కె ముందు, ఊరందరి ముందు, ఈ రెండు నెలలూ నన్ను క్షమించాడు.

"పోలీసులకు ఫ్రయ్ అని ఎందుకు చెప్పావు?"

"ఆవిడే అడిగింది, ఫ్రయ్ అని విన్నారా అని. అవునన్నాను. మాట దొరికింది, పట్టుకున్నాను." అతను తలెత్తాడు. "ఇప్పుడు చెప్పానుగా నీకు. నువ్వు కొలోన్ వెళ్ళనక్కర్లేదు. నీ మీద ఏమీ లేదు. చాలదా?"

"చాలదు."

"ఎవరికీ చెప్పకు మార్లీ. లైసెన్సు లాగేసుకుంటారు. తరవాత నాకేం మిగుల్తుంది? ఆ కిటికీయేగా?"

ఆమెకు మూసిన గరాజు తలుపు కళ్ళముందు మెదిలింది. అతనూ దాన్నే చూపిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. నోటితో అనకుండానే చూపిస్తున్నాడు. ఏప్రిల్లో ఆ తలుపుకు భయపడే ఆమె కారెక్కింది. ఆ భయం ఇప్పటికీ అంతే ఉంది, రవ్వంత తగ్గలేదు. కానీ గడ్డిలో పడున్న మనిషి దానికంటే ముందు నిలబడింది.

మార్లీస్ వంగి కుడిచేత్తో అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. ఎడమచేత్తో గోడ మీది ఫోను తీసి మెడకింద ఇరికించుకుని, తేలెన్ ఇచ్చిపోయిన నంబరు నొక్కింది. భుజం ఎముక నొప్పెట్టింది.

"మార్లీ" అన్నాడు అతను. "మార్లీ, వద్దు." లేవబోయాడు. ఆమె చొక్కా వదల్లేదు.

అవతల తేలెన్ గొంతు పలికింది.

"నేను మార్లీస్‌ను. మీకు అబద్ధం చెప్పాను. మా ఆయనకు కళ్ళు కనబడవు."

ఎప్పటి నుంచి అని తేలెన్ అడిగింది.

"పోయిన చలికాలం నుంచి" అంది మార్లీస్. "నాకు తెలుసు. తెలిసే ఎక్కించాను."